ఏటిగట్టు మీద చాటు

పెద్ద గోదారి వచ్చిన ఏడు అది. ఎనభై ఆరు. మా లంక మునిగిపోతే రాజోలు వైపు ఏటిగట్టు మీదికి చేరేం. అటు నీళ్లు, ఇటు నీళ్లు.

నా భార్య ఎలీసమ్మ అన్నం వార్చింది. నాకూ పిల్లలకీ పెట్టింది. తను చెంబు ముట్టుకోలేదు.

"నీళ్లు తాగవే," అన్నాను.

"తాగితే ఎక్కడికెళ్లనండి?"

మగాళ్లం నాలుగడుగులు వేసి అటు తిరిగి నిలబడతాం, అయిపోతుంది. కాపరానికొచ్చిన కొత్తలో మా అమ్మ ఎలీసమ్మతో అనేది, "ఆడదన్నాక బిగబట్టుకోవడం తెలియాలమ్మాయ్" అని. అప్పట్నించీ బిగబట్టుకునే ఉంది. ఆకలి, కోపం, ఏడుపు. ఇప్పుడు ఇది. ఒళ్లు కాలిపోతోంది. పొత్తికడుపు పట్టుకుని వంగి వండింది. వంట మటుకు ఆగలేదు.

సాయంత్రం మా పొయ్యి దగ్గర ఆడాళ్లు చేరేరు. పెద్దావిడ సువార్తమ్మగారు అడిగేరు, ఎవరెలా నెట్టుకొస్తున్నారని. ఒకావిడ నడుంలోతు నీళ్లలోకి దిగుతోందంట.

"నిండు నెలలు, నేను దిగలేను. మా అత్త చీర అడ్డం పట్టుకుంటది," అంది జాలర్ల వీరవేణి.

"నాకు సిగ్గెప్పుడో పోయిందే. పట్టపగలే కూచుంటాను. చూసినోడి కళ్లే పోతాయి," అంది ముసలి మరిడమ్మ.

నవ్వేరు. ఎలీసమ్మ కూడా నవ్వింది. "నేను తాగడం మానేసేను," అంది. నవ్వులాగిపోయేయి.

ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. "ఎవరి ఒళ్లు వాళ్లది. అన్ని దార్లూ ఉండనివ్వండి," అన్నారు సువార్తమ్మగారు. "ఈ పిల్లకి మాత్రం చాటు కావాలి."

మాకున్న ఒక్క టార్పాలినూ మా బియ్యం బస్తా మీదుంది. సాయం పంచే పాపారావుగారి దగ్గరికెళ్లి ఇంకోటి అడిగేను.

"బియ్యం కప్పడానికే చాలట్లేదండి. రేపట్నించి సాయంత్రం పడవ వేయిస్తాం. ఆడాళ్లందర్నీ ఒకేసారి చాటున్న చోటికి తీసుకెళ్లి తీసుకొచ్చేస్తాం."

"అందరికీ ఒకేసారి వస్తదాండీ?"

చుట్టూ ఉన్న మగాళ్లు గొల్లుమన్నారు. "ఆయ్! ఆడాళ్ల వకాల్తా పుచ్చుకున్నారండోయ్!"

వచ్చి చెప్పేను. ఎలీసమ్మ గిన్నెలు తోముతోంది. "అడిగేరుగా. చాల్లెండి," అంది. చాలదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే చినుకులు. మా బియ్యం బస్తా మీదున్న టార్పాలిన్ విప్పేను. ఎక్కడ కట్టాలో నాకు తెలీదు. సువార్తమ్మగారి చేతికిచ్చేను. చెంబు నింపి ఎలీసమ్మ పక్కన పెట్టి, అటు తిరిగి కూచున్నాను.