రెండు వేళ్ల దూరం

పొద్దున్నే ఒదీల్ మంచు నునుపు చేసే బండి వేసుకుని, మంచు హాకీ ఆడే రింకులోకి దిగుతుంది. మంచు మీద నిన్నటి గీతలన్నీ చెరిపేస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి వస్తుంది. ఈ చివర గోలు ముందుకి రాగానే స్టీరింగు ఎడమకి తిప్పి, గాల్లో నిలబడున్న నల్ల రబ్బరు బిళ్లని తప్పించుకుని వెళ్తుంది. బండి వెళ్లని ఆ కాస్త చోటునీ తర్వాత బకెట్టుతో వేణ్నీళ్లు పోసి, చీపురుతో చేత్తోనే సరిచేస్తుంది. ఏం ఖర్మ అని రోజూ సణుగుతుంది. సణక్కపోతే మా అర్జెల్ ఊళ్లో తెల్లవారినట్టే ఉండదు.

ఆ బిళ్లని కొట్టినవాడు ఒబాన్ గార్సెన్. కొట్టినప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు, కొట్టి కూడా పంతొమ్మిదేళ్లయింది. ఆ రోజు మాకూ, లోయలో కింద ఉండే పోంబెల్‌కీ ఆట. గెలిచిన ఊరు పెద్ద లీగులోకి వెళ్తుంది. స్కోరు సమానంగా ఉంది, గడియారంలో ఒక్క సెకను మిగిలింది. ఒబాన్ నీలం గీత దగ్గర నుంచి కర్ర ఎత్తి ఒక్కటి పీకాడు. బిళ్ల లేచింది, గోలు పైమూలకి గురిపెట్టుకుని బయల్దేరింది, ఇంకా వెళ్తూనే ఉంది. జనం కాసేపు చూశారు. రిఫరీ పెలూ గారు ఇంకొంచెం ఎక్కువసేపు చూసి, అది చేరేదాకా ఆట అయినట్టు కాదని చెప్పి, విజిల్ వెయ్యకుండానే భోజనానికి వెళ్లిపోయాడు. రెండూళ్లూ ఎక్కడివక్కడే చిన్న లీగులో ఉండిపోయాయి.

బిళ్ల ఊరికే కదలదు. ఒబాన్ ఏ దేశంలో అయినా సరే మంచు మీదికి దిగి ఆట ఆడితే, ఇక్కడ రెండు వేళ్ల మందం ముందుకి జరుగుతుంది. వాడు బెంచీ మీద కూర్చుంటే ఇదీ ఆగిపోతుంది. కెనడాలో క్యుబెక్ జట్టుతో ఉన్నన్నాళ్లూ, ప్రతి ఆటా ఆడుతున్నానని వాడు ఫోన్లో తల్లికి తెగ కోతలు కోసేవాడు. ఆ తల్లి జొజెట్ రింకుకి వచ్చి, బిళ్ల దగ్గర వేలుపెట్టి చూసుకుని వెళ్లి, "నిన్ను ఆటలోకి దింపట్లేదని నాకు తెలుసులే. అబద్ధాలాపి ఇంటికొచ్చి సూపు తాగు" అనేది. వాడు వచ్చేశాడు. తర్వాత ఉత్తరాన పెద్ద క్లబ్బుల్లో ఆడాడు, ఫ్రాన్స్ జెర్సీ వేసుకున్నాడు, ముందు పళ్లు మూడు పోగొట్టుకున్నాడు. వాడి బతుకంతా బస్సుల్లోనే గడిచింది. మాకు మాత్రం వాడి సంగతి ఏ పేపరూ చూడకుండానే తెలిసేది.

ఆ రోజు గోల్లో నిలబడ్డవాడు పోంబెల్ కుర్రాడు తిబో మాతొనె. ఇప్పుడు వాడు రొట్టెలు కాలుస్తాడు, పొట్ట వచ్చింది. ఏటా హాకీ మొదలవగానే కొండెక్కి వచ్చి, ఎంత దూరం వచ్చిందో చూసుకునేవాడు. బిళ్ల దగ్గర పడ్డాక, ఒబాన్‌కి ఎక్కడ ఆట ఉన్నా ఆ సాయంత్రం ఇక్కడ కవచాలన్నీ కట్టుకుని గోల్లో నిలబడటం మొదలెట్టాడు. వాడి పెళ్లాం సొలాంజ్‌కి చలికాలంలో సముద్రం చూడాలని కోరిక. చలికాలమంటే హాకీ కాలం. ఒక్క ఏడాదీ వీలు పడలేదు. ఆవిడ కూడా అడగటం మానేసింది.

ఈ శీతాకాలం ఒబాన్ మోకాలు పట్టుకుని ఊరికొచ్చాడు. ఇంకో సీజను ఆడితే నలభై ఐదుకే చేతికర్ర పట్టుకుంటావని డాక్టరు మొహం మీదే చెప్పింది. ఉత్తరాన ఒక క్లబ్బు మాత్రం, ఒక్క సీజను ఆడి వెళ్లు, ఆదివారం సాయంత్రంలోగా చెప్పు అంది. వస్తానని చెప్పాలనే అనుకున్నాడు వాడు. హాకీ తప్ప ఇంకేమీ తెలియదు మరి. బిళ్ల గోలు గీతకి రెండు వేళ్ల దూరంలో ఉంది. అది చేరిన రోజు తన ఆట కూడా అయిపోతుందని వాడికి లోపల భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, ఊళ్లో అందరికీ తెలుసు.

శుక్రవారం తిబో వాడిని వెతుక్కుంటూ రింకు పక్కన బారుకి వచ్చాడు. చేతిలో వేడి వైను పెట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

"ఆ రెండు వేళ్లూ అక్కడ ఖర్చుపెట్టకురా" అన్నాడు.

ఒబాన్ బల్ల కింద మోకాలు సర్దుకున్నాడు.

"నువ్వక్కడ ఆడే వేళకి నేనిక్కడ పిండి పిసుకుతూ ఉండొచ్చు, కొండ దారిలో మంచు పడి ఇరుక్కుపోవచ్చు. ఇన్నేళ్లు కాపు కాసి, అది ఖాళీ గోల్లోకి పోతే నేనేం కావాలి? ఆపగలిగేవాణ్ణో కాదో చచ్చేదాకా తెలియదు నాకు."

"వెళ్లి చెయ్యి దాని వెనకాల పెట్టుకుని కూర్చో. అదే వచ్చి పడుతుంది."

"అది ఆపటం ఎలా అవుతుందిరా? ఆ రోజు నా చెయ్యి మోకాలి దగ్గరుంది. అక్కణ్ణుంచే లేవాలి."

ఒబాన్ నవ్వాడు. నవ్వుతుంటే పళ్లు లేని చోటు కనిపించింది. ఇంత పిచ్చోణ్ణి లోకంలో చూడలేదన్నాడు. తర్వాత గ్లాసు పక్కకి నెట్టి, ఆదివారం మధ్యాహ్నం పాత జట్టువాళ్లని తీసుకుని రమ్మన్నాడు. డాక్టరుని అడిగితే, ఒక్క మధ్యాహ్నమైతే నేను చూడనట్టు ఊరుకుంటానంది.

ఆదివారం రెండూళ్లూ వచ్చాయి. పాత జట్టుల్లో సగం మందికి జెర్సీలు పొట్ట మీద ఆగిపోయాయి. నడుం నొప్పితో ఉన్న పెలూ గారిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచు మీద తోసుకుంటూ తెచ్చారు. గడియారంలో ఆ ఒక్క సెకను ఎప్పటిలాగే వెలుగుతోంది, దాన్నెవరూ ముట్టుకోలేదు. వేరే బిళ్ల వేసుకుని సరదా ఆట మొదలెట్టారు. తిబో ఒక్కడే ఆ ఆట వైపు కన్నెత్తి చూడలేదు. పాత బిళ్లనే చూస్తూ, చెయ్యి మోకాలి దగ్గర పెట్టుకుని, వంగి నిలబడ్డాడు. సొలాంజ్ రింకు చుట్టూ ఉన్న అద్దాల గోడ వెనక కూర్చుని చేతి తొడుగులు తీస్తూ వేస్తూ ఉంది.

మొదట ఏమీ కాలేదు. ఒబాన్ కాలు ఈడ్చుకుంటూ ఆడాడు. పోంబెల్ వాళ్లు ఒరేయ్ ముసలోడా అని ఏడిపించారు. ఆ మాటకి వాడికి రోషం వచ్చిందో, మోకాలి సంగతే మర్చిపోయాడో, బిళ్ల తీసుకుని ఇద్దరిని తప్పించి ఆ చివరికి దూసుకుపోయాడు. పంతొమ్మిదేళ్లప్పుడు ఎలా వెళ్లేవాడో అలాగే వెళ్లాడు.

అప్పుడు పాత బిళ్ల కదిలింది. ఇన్నేళ్లూ అది దాచుకున్న వేగమంతా ఆ రెండు వేళ్లలో బయటికొచ్చింది. చప్పుడు మాత్రమే విన్నాం మేము. చూస్తే తిబో వెల్లకిలా పడి ఉన్నాడు, చెయ్యి పైకి ఉంది. కాసేపు అలాగే పడుకుని, మెల్లగా గ్లవ్ విప్పి లోపలికి చూశాడు.

"ఉంది" అన్నాడు. వెంటనే ఏడ్చేశాడు.

గోల్ పోయింది మాది, అయినా అర్జెల్ అంతా లేచి చప్పట్లు కొట్టింది. పెలూ గారు కుర్చీలోంచే విజిల్ వేశాడు. గోల్ కీపరు పట్టాడు కాబట్టి రెండు జట్ల వాళ్ల మధ్య బిళ్ల మళ్లీ వెయ్యాలి, ఇంకా ఒక సెకను ఆట ఉందన్నాడు. రూలంటే రూలే ఆయనకి.

గోలు పక్కన మంచు మీద గీసిన ఎర్ర వలయంలో ఒబాన్ వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న పోంబెల్ ఆయన కర్ర కొంచెం వెనక్కి తీసుకున్నాడు. కావాలనే తీసుకున్నాడు, అందరం చూశాం. బిళ్ల పడి ఒబాన్ కర్ర కిందికి వచ్చింది. గోలు అక్కడే ఉంది. తిబో మళ్లీ వంగాడు.

"కొట్టకురా బాబూ. ఈసారి కూడా అది గాల్లో ఆగిందంటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు మెల్లగా.

ఒబాన్ కొట్టగలడు. ఆ చేతులు ఆ పని మర్చిపోలేదు. వాడు బిళ్ల మీద కర్ర ఆనించి, అది కదలకుండా అదిమిపెట్టి, తలెత్తి గడియారం వైపు చూశాడు. సున్నా పడింది. ఇన్నేళ్లుగా మూగపోయిన సైరను రెండుసార్లు దగ్గి, అప్పుడు మోగింది. ఆట సమానం. రెండూళ్లూ ఎక్కడివక్కడే.

ఒబాన్ స్కేట్లు విప్పకుండానే బెంచీ మీద కూర్చుని ఉత్తరాన ఆ క్లబ్బుకి ఫోన్ చేశాడు. రానని చెప్పాడు. అవతలివాళ్లు ఎందుకని అడిగినట్టున్నారు. "ఆట అయిపోయిందండీ" అన్నాడు. వాడి మొహంలో భయం లేదు. మేం దాని కోసమే చూశాం.

మర్నాడు ఒదీల్ అలవాటుగా స్టీరింగు ఎడమకి తిప్పేసి, నాలిక కరుచుకుని, వెనక్కొచ్చి తిన్నగా పోనిచ్చింది. బకెట్టు మూలన పెట్టేసింది. ఆ వారం నుంచి సణగటానికి ఆవిడ వేరే కారణాలు వెతుక్కుంటోంది. ఒబాన్ సాయంత్రాలు చిన్నపిల్లలకి స్కేటింగు నేర్పుతున్నాడు, నిలబడి అరవటమే తప్ప పరుగులేదు కాబట్టి మోకాలు ఊరుకుంటోంది.

ఫిబ్రవరిలో, సరిగ్గా హాకీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, వాడికి ఫోన్ వచ్చింది. తిబో. వెనకాల గాలి హోరు, సొలాంజ్ నవ్వు వినిపిస్తున్నాయి.

"ఎలా ఉందిరా సముద్రం?" అని అడిగాడు ఒబాన్.

గాలి హోరులో అలల చప్పుడు దగ్గరైంది.

"పొద్దున్నుంచి చూస్తున్నానురా" అన్నాడు తిబో. "ఒక్క క్షణం కూడా ఆగట్లేదు."