ఐదూ ఇరవైకి మోటారు

మా ఇంట్లో అలారం మోగేది ఐదూ పదిహేనుకి. లేచేది నేను. రోజు విడిచి రోజు ఐదున్నరకి మంచినీళ్లు వదులుతారు, ముప్పావుగంటలో కట్టేస్తారు. ఆలోగా సంపు నిండకపోతే రెండు రోజులు చెంబు చెంబూ చూసుకుని వాడుకోవాలి. అందుకని ఐదూ ఇరవైకే వెళ్లి చెప్పుల స్టాండు వెనకున్న స్విచ్చి నొక్కుతాను. వీధి పైపుకే నేరుగా బిగించిన చిన్న మోటారు అది. అలా బిగించడం తప్పని మాకు తెలుసు. తెలుసు గనకనే దాని మీద నాపరాయి పలక కప్పి, పలక మీద మనీప్లాంటు కుండీ పెట్టాం.

నీళ్లు రాకముందే మోటారెందుకూ అంటే, ముందు వేసినవాళ్లవే నీళ్లు. ఇది మా వీధి ధర్మం. మొదట కాసేపు గాలి గుర్రుమంటుంది. తర్వాత కాస్త మడ్డినీరు వస్తుంది. దాన్ని మొక్కలకి వదిలేసి, తేట నీరు రాగానే పైపు సంపులోకి తిప్పుతాను. ఈ పనిలో నన్ను మించినవాళ్లు అశోక్‌నగర్‌లో లేరని ఒకప్పుడు గర్వంగా కూడా ఉండేది.

మా మామగారు యాభై ఏడులో తెనాలి నుంచి ఉద్యోగం మీద వచ్చి కొన్న స్థలం ఇది. నేను కోడలిగా వచ్చేనాటికి ఈ వీధిలో పదకొండు ఇళ్లు. ఇప్పుడు అదే వీధిలో ఏడు హాస్టళ్లు, మూడు మెస్సులు, రెండు కోచింగ్ సెంటర్లు. వీధి వెడల్పు పెరగలేదు, కింద పైపులూ మారలేదు. ఎదురింటి శ్రీపతిగారు హాస్టళ్లని తిట్టని రోజు లేదు, ఆయన జిరాక్సు షాపుకి హాస్టలు పిల్లలు రాని రోజూ లేదు. ఆయన్నంటే సరిపోయిందా, మా మేడ మీది వాటా మేం కూడా రీడింగ్ రూముకి అద్దెకిచ్చాం. వీధి పాడైపోతోందని ఆ అద్దెతో కొన్న ఏసీ కింద కూర్చునే బాధపడుతుంటాం.

నిరుడు వీధి చివర కుమారస్వామి తన ఆడపిల్లల హాస్టలు మీద ఇంకో రెండంతస్తులు లేపాడు. అప్పట్నించి మా గేటు ముందు మ్యాన్‌హోలు పొంగడం మొదలైంది. నెల రోజుల కిందట మంచినీళ్లు కూడా వాసన రాసాగాయి. మాకు ఫిల్టరుంది. అయినా కాచి తాగేవాళ్లం. తాగుతూ కుమారస్వామిని తిట్టేవాళ్లం.

ఆ హాస్టల్లో ఉండే సంధ్య మధ్యాహ్నాలు మా వరండాలో చదువుకునేది. హుస్నాబాద్ దగ్గర పల్లెటూరు వాళ్లది. హాస్టలు గదిలో నలుగురు, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చోవాలంటే పొద్దున ఆరింటికే సంచి పెట్టి చోటు పట్టుకోవాలి. ఒకరోజు మా మెట్ల మీద కూర్చుని చదువుకుంటుంటే లేచి పొమ్మందామని వెళ్లాను. తీరా వెళ్లి, చేతిలో పుస్తకం లాక్కుని రెండు ప్రశ్నలడిగాను. రెండింటికీ తడుముకోకుండా చెప్పింది. మూడోది కావాలని తప్పుగా అడిగితే, "ప్రశ్ననే తప్పున్నది ఆంటీ" అంది. అప్పట్నించి రోజూ కుర్చీ వేస్తున్నాను.

గ్రూప్స్ పరీక్ష దానికి ఇది మూడోసారి. ఒకసారి వాయిదాల్లో పోయింది, ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. ఇదే ఆఖరుసారని ఇంట్లో ఒప్పందం. రాకపోతే పుస్తకాలు కట్టిపెట్టి ఊరికి వెళ్లిపోవాలి, ఆ డబ్బుతో తమ్ముణ్ణి చదివించాలి. ఈ సంగతి అది ఏడుస్తూ చెప్పలేదు. పప్పు ఉడికిందా అన్నంత మామూలుగా చెప్పింది. నాకే ఆ రాత్రి అన్నం సహించలేదు.

పరీక్ష ఇంకా పదకొండు రోజులుందనగా, బుధవారం, కాఫీ ఇస్తే వద్దంది. దాని మొహం పైకెత్తి చూశాను. కళ్లు పచ్చగా ఉన్నాయి. నారాయణగూడలో మాకు తెలిసిన డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కామెర్లు. నీళ్ల వల్లేనన్నాడు. కదలకుండా పడుకోవాలి, ప్రయాణాలు అసలు వద్దు, బాగా చూసుకునేవాళ్లుంటే పరీక్ష రోజు ఆటోలో వెళ్లి రాయొచ్చేమో చూద్దాం అన్నాడు. హాస్టల్లో ఇంకో నలుగురికి కూడా అదేనట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి రాగానే ఆయనకి చెప్పాను. మావారు రామచంద్రరావు బీమా ఆఫీసులో చేసి రిటైరయ్యారు, కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. కుమారస్వామి హాస్టలు వల్ల మురుగు పొంగి మంచినీళ్లలో కలుస్తోంది, వెంటనే ఆ హాస్టలు కనెక్షన్లు కోసేసి భవనం ఖాళీ చేయించాలి అని నీళ్ల ఆఫీసుకి అర్జీ పెడదామన్నారు. అర్జీ రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుంది. కోపంలో ఇంకా బాగుంటుంది. ఆదివారం నాలుగింటికి మా పోర్టికోలో మీటింగు, అక్కడే సంతకాలు అనుకున్నాం. హాస్టలు ఖాళీ అయితే జబ్బుపిల్ల ఎక్కడికి పోతుందన్నది ఆ ఊపులో నాకు తట్టనే లేదు.

శనివారం నీళ్ల రోజు. వాల్వు తిప్పే పెద్దులు వస్తుంటే గేటు దగ్గర పట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి.

"పెద్దులూ, ఆ హాస్టలు వాడి మురుగు మా నీళ్లలోకి ఎలా వస్తోందో నువ్వు కూడా రాసివ్వాలి."

అతను మ్యాన్‌హోలు వైపు చూశాడు, మా కుండీ వైపు చూశాడు. "ఒక మాట అడుగుత అమ్మా, కోపం జెయ్యకు. మీ మోటరు ఎన్నింటికి ఏస్తరు?"

"మా ఇంట్లో మోటారెక్కడిది?"

"గా కుండీ కింద ఉన్నది."

"ఐదూ ఇరవైకి" అన్నాను.

"నేను వాల్వు తిప్పేది ఐదున్నరకు. అప్పటిదాంక పైపుల నీళ్లు లెవ్వు. ఖాళీ పైపును మీ మోటరు గుంజుతది. మీ గేటు ముందల్నే పైపుకు పగులున్నది, దాని మీద మురుగు నిలిచున్నది. గుంజితే గదే లోపటికొస్తది. మీరు మొదటి నీళ్లు మొక్కలకు ఇడుస్తరు గదా, మీకేం గాదు. మిగిలింది పైపులనే ఉంటది. నేను వాల్వు తిప్పంగనే నీళ్లు దాన్ని నూక్కుంట పోయి చివరింట్ల పోస్తయి."

"చివరిల్లంటే..."

"హాస్టలే గదమ్మా."

"మోటారు వెయ్యకపోతే?"

"జోరుగ వచ్చేటప్పుడు పగుల్లకెళ్లి నీళ్లే బయటికి కారుతయి. మురుగు లోపటికి రాదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవ్వలికి జెప్పాలె? అందరిండ్లల్ల ఉన్నయి. జెప్తే నా మీదనే అర్జీ రాస్తరు."

అతను పోయాక కూడా అక్కడే నిలబడిపోయాను. లోపల మోటారు తిరుగుతూనే ఉంది. పరుగెత్తి వెళ్లి కట్టేశాను. గురివింద గింజ తన కింది నలుపెరగదని ఎంతమందిని దెప్పానో జీవితంలో. ఆ పిల్లకి రోజూ బత్తాయిరసం తీసి పంపిస్తూ పుణ్యం చేస్తున్నాననుకున్నాను. దానికి విషం పట్టిందీ ఈ చేతులే.

ఆయనకి చెబితే ముందు లేచి వీధి తలుపు మూశారు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు మీటింగులో నోరు విప్పకు సుబ్బులూ" అన్నారు. "ప్రెసిడెంటు ఇంట్లోనే మోటారుందని తెలిస్తే నేను తలెత్తుకు తిరగగలనా? మీటింగు కానివ్వు. ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా తీయించేద్దాం."

"అర్జీయో?"

"దాని దారి దానిది."

ఆదివారం పొద్దున్నే సంధ్య వాళ్లమ్మ కమలవ్వ వచ్చింది. పిల్లని ఊరికి తీసుకుపోయి పసరు తాగిస్తానంటోందని, సంధ్య రానని మొండికేస్తోందని హాస్టలు పిల్లలు చెప్పారు. మూడు గంటల బస్సు ప్రయాణం, మళ్లీ వారానికి అంత దూరం నుంచి వచ్చి పరీక్ష రాయడం జరిగే పని కాదు. పైగా ఇటు అర్జీ వెళితే హాస్టలే ఉండదు. నాలుగెప్పుడవుతుందా అని, నాలుగు కాకూడదని కూడా, మధ్యాహ్నమంతా గడియారం చూస్తూ కూర్చున్నాను.

మీటింగుకి అన్ని ఇళ్లవాళ్లూ వచ్చారు. కుమారస్వామి కూడా వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. "సార్, జర ఆలోచించుండ్రి. వచ్చే ఆదివారమే పరీక్ష ఉన్నది. అరవైమంది ఆడపిల్లలు ఇప్పటికిప్పుడు ఏడికి పోవాలె? రామ్‌నగర్ల, దోమలగూడల అన్ని నిండే ఉన్నయి."

"రెండంతస్తులు లేపేటప్పుడు ఆలోచించాల్సింది" అన్నారు శ్రీపతిగారు. అందులో అబద్ధం లేదు. ఆయన ముందుగా సంతకం చేశారు. కాగితం చేతులు మారుతూ వచ్చింది. నా దస్తూరీ నాకే పరాయిదిగా కనిపించింది. గేటు బయట ఒక ఆటో ఆగి ఉంది. దాని పక్కన సంచి పట్టుకుని కమలవ్వ, గోడకి ఆనుకుని సంధ్య.

కాగితం నా దగ్గరికొచ్చింది. నేను లేచాను. ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తల ఆడించారు.

"మా ఇంట్లో మోటారుంది" అన్నాను. "లైనుకే బిగించాం. నీళ్లు రాకముందే, ఐదూ ఇరవైకి, నేనే వేస్తాను. మా గేటు ముందు మురుగు ఆ మోటారే పైపులోకి లాగుతోంది. పిల్లలు తాగింది అదే. ఈ అర్జీలో నేను రాసింది తప్పు."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం! వచ్చినవాళ్లందరి ఇళ్లలోనూ మోటార్లున్నాయి. అందరూ నేలచూపులు చూస్తున్నారు. కుమారస్వామీ తల దించుకున్నాడు, అతనిదైతే అందరికన్నా పెద్ద మోటారు.

చివరికి శ్రీపతిగారే గొంతు సవరించుకున్నారు. "చూడండమ్మా, మీరు మంచి మనసుతో చెప్పారు, బాగుంది. కానీ ఇప్పుడీ మోటార్ల గొడవ ఎత్తితే ఆఫీసువాళ్లొచ్చి అందరి కనెక్షన్లూ కోస్తారు. మురుగు పొంగేది హాస్టలు వల్ల అవునా కాదా?"

"అవును."

"మరింకేం? అర్జీ ఇలాగే వెళ్లనివ్వండి. మీ మోటారు మీరు తీసేసుకోండి, ఎవరొద్దన్నారు? మాకు ఇంకో రెండు బిందెలు ఎక్కువొస్తాయి."

ఒకరిద్దరు నవ్వారు కూడా. నాకు ఏడుపొచ్చింది. కాగితం మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన కలం మూత తీశారు, మళ్లీ పెట్టేశారు. "నేను సంతకం చెయ్యలేను శ్రీపతిగారూ" అన్నారు నెమ్మదిగా. ప్రెసిడెంటు సంతకం లేకపోయినా చెల్లుతుందని శ్రీపతిగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నేను గేటు దగ్గరికి వెళ్లాను.

"కమలవ్వగారూ, పిల్లని తీసుకెళ్లకండి. ప్రయాణం వద్దన్నాడు డాక్టరు. హాస్టల్లో వద్దు, ఈ వారం రోజులూ మా ముందు గదిలో ఉంచండి. మీరూ ఉండండి. వేళకి పథ్యం నేను వండిపెడతాను. పరీక్షకి మేమే దగ్గరుండి తీసుకెళ్లి తీసుకొస్తాం."

ఆయన నా వెనకే వచ్చారు. "మంచం ఇప్పుడే వేయిస్తానమ్మా" అన్నారు.

సంధ్య కళ్లు వాళ్లమ్మ మొహం మీదే ఉన్నాయి. కమలవ్వ సంచి కింద పెట్టింది. ఒప్పుకుందనే అనుకున్నాను.

"ఇందాక మీరు జెప్పింది ఇన్న" అంది. "మీ ఇంట్ల ఉంచుకుంటనంటున్నరు. మంచిదే. మరి ఏం నీళ్లు తాపుతరమ్మా?"

కోపంగా అడిగుంటే ఏదో ఒక జవాబు దొరికేది. ఆమె తెలుసుకుందామనే అడిగింది. కాచి చల్లార్చి, వడపోసి, అనబోయాను. మేం నెలరోజులుగా అలా కాచుకునే తాగామన్న సంగతి గుర్తొచ్చింది. మా నీళ్లు కాచుకుంటూ, వీధి చివరివాళ్లు ఏం తాగుతున్నారని ఒక్కసారైనా అడిగానా?

ఆమె సంచి ఎత్తి ఆటోలో పెట్టింది, కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కించింది. సంధ్య ఈసారి మొండికెయ్యలేదు. సీటులో వెనక్కి వాలి, కళ్లు మూసుకునే డ్రైవర్ని అడిగింది.

"అన్నా, ఆదివారం నాడు హుస్నాబాద్‌లకెళ్లి జేబీఎస్ బస్టాండుకు మొదటి బస్సు ఎన్నింటికొస్తది?"

తెలియదన్నాడతను. ఆటో ముషీరాబాద్ వైపు తిరిగింది.