తలకిందులుగా పాతిన సీసా

సిరిల్ అన్న ఆ సీసా తాగాడా, తాగలేదా? యాభై ఏళ్ళుగా ఇమెల్డా మనసులో నలుగుతున్న ప్రశ్న అది. తాగాడని పదిమందిలో అననైతే అనేసింది గానీ, అన్న మరుక్షణం నుంచీ అనుమానమే. చర్చిలో పూజ మధ్యలో "మీకు శాంతి కలుగుగాక" అని పక్కవాళ్ళ చేతులు పట్టుకునే వేళ, నాలుగు బల్లల అవతల అన్న నెరిసిన తల కనిపించినప్పుడల్లా లోపల ముల్లు కదిలేది. వాన కురిపించేది దేవుడు, ఆపేదీ ఆయనే. మరి ఒక్క సీసా కోసం తోడబుట్టినవాణ్ణి ఇన్నేళ్ళు దూరం పెట్టడమేమిటి? జపమాల తిప్పుతూ ఎన్నోసార్లు మరియ తల్లిని అడిగింది.

అమెరికాలోని కెంటకీలో, వాళ్ళ వైపు, పెళ్ళికి సరిగ్గా నెల ముందు, విందు జరిగే చోట నిండు బర్బన్ విస్కీ సీసాను తలకిందులుగా పాతుతారు. అలా చేస్తే పెళ్ళినాడు వాన రాదని నమ్మకం. పాతినవాడే పెళ్ళయ్యాక తవ్వి తీయాలి. తొలి గుక్క అతనిది. 1961 జూన్‌లో ఇమెల్డా పెళ్ళికి పాతింది సిరిల్. అప్పటికే విస్కీ బట్టీలో సీసాలు నింపే చోట పనిచేసేవాడు. కాస్త పుచ్చుకునే అలవాటూ ఉండేది.

ఆ రోజు గుడిలోంచి బయటికొచ్చేసరికి ఆకాశానికి చిల్లు పడింది. పెరట్లో వేసిన బల్లల మీద మాంసం పులుసు వాననీళ్ళతో పొంగి పొర్లింది. పందితొడ పళ్ళెం పట్టుకుని లోపలికి పరుగెత్తబోయిన నాన్న బురదలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పోయేదాకా కర్రతోనే నడిచాడు. వాన తెరిపిచ్చాక బల్లలు జరిపి సిరిల్ తవ్వితే గోతిలో ఏమీ లేదు.

"తాగేశావు కదూ! నాన్న కాలు విరగ్గొట్టింది నువ్వే!" అంది పెళ్ళికూతురు, తడిసిన మేలిముసుగుతో.

"నేను పాతానే ఇమ్మీ," అని ఒక్కమాటే అన్నాడు సిరిల్. మళ్ళీ ఆ ఇంట్లో భోజనానికి కూర్చోలేదు.

ఇప్పుడు మనవరాలు కెల్సీ పెళ్ళి. విందు ఆ పెరట్లోనే. మే నెల, పూజ నుంచి వచ్చి ఇంకా మంచి చెప్పులైనా విప్పకముందే, సీసా ఎక్కడ పాతాలో ఇమెల్డా చూపించింది. మాంసం పొగబెట్టే కొట్టు పక్కన, పియనీ పూల దుబ్బు దగ్గర.

"అక్కడొద్దు!" అని అరుగు మీంచి కేకేశాడు ఆమె భర్త లాంబర్ట్. "వేళ్ళు తెగుతాయి. పశువుల కొట్టం దగ్గర పాతుకోండి."

"మొక్క మీదున్న ప్రేమ నా మీద లేదా తాతయ్యా?" అంటూ కెల్సీ పార దింపింది. నాలుగోసారికి టంగుమంది.

పందికొవ్వు పోసుకునే పాత రేకు డబ్బా. అందులో మైనపు గుడ్డ చుట్టిన సీసా, తలకిందులుగా. మూత చుట్టూ మైనం. కాగితం చీటీ ముద్దయిపోయింది గానీ గాజు చెక్కు చెదరలేదు. లోపల విస్కీ మూడు వంతులకు పైగానే ఉంది. సీసా భుజం మీద, తిరిగి అమ్మరాదు, తిరిగి వాడరాదు అని గాజులోనే పోతపోసిన అక్షరాలు. కెల్సీ ఫోనులో వెతికింది.

"అమ్మమ్మా, ఈ మాటలు అరవై నాలుగు దాకానే పోసేవారట. ఇది మీ పెళ్ళి సీసానే! సిరిల్ తాతయ్య వానలో జానెడు పక్కన తవ్వుంటాడు, అంతే!"

ఇమెల్డా ఆ మట్టిలోనే కూలబడింది. జానెడు! జానెడు మట్టి కోసం యాభై ఏళ్ళు.

"బండి తియ్యి," అంది లేచి.

"రేపు చూద్దాంలేవే," అన్నాడు లాంబర్ట్. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఆ రేపు రేపనే యాభై ఏళ్ళయింది. తియ్యవయ్యా!"

సిరిల్ తన ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. చెల్లెలు మెట్లెక్కడం చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదన్నా. సీసా దొరికింది." డబ్బా అతని చేతుల్లో పెట్టింది. "నువ్వు పాతావు. నేనే... నన్ను క్షమించు."

సిరిల్ నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పాను కదే. చెప్పాను కదా!" అంటూ సీసా బయటికి తీసి వెలుతురుకు పట్టాడు. తీసి, డబ్బా వైపు చూశాడు.

"ఈ డబ్బా ఎక్కడిది? నేను డబ్బా లేకుండా సీసానే పాతాను."

ముప్ఫై ఎనిమిదేళ్ళు సీసాలు పట్టిన చెయ్యి అది. బొటనవేలు దానంతటదే అడుగుకు పోయింది. అక్కడ గాజు కార్ఖానా గుర్తు, దాని పక్కన రెండంకెలు. వేలు ఒకసారి తడిమింది, ఆగింది, మళ్ళీ తడిమింది. అతని నవ్వు ఆరిపోయింది.

"ఏమైందన్నా?"

సిరిల్ ఊరుకుంటే సరిపోయేది. పోయిన పేరు అప్పుడే తిరిగి చేతికొచ్చింది, ఇంకా వెచ్చగానే ఉంది. ఆ అంకెలు చదవడం అక్కడ ఇంకెవరికీ రాదు.

"ఇది నా సీసా కాదు ఇమ్మీ," అన్నాడు. "అడుగున అరవై మూడుంది. సీసా పోసిన ఏడు. ఇది పుట్టేనాటికి మీ పెళ్ళయి రెండేళ్ళు."

ఇమెల్డాకు ముందు అర్థం కాలేదు. అన్న చేతిలోంచి సీసా లాక్కుని తానూ తడిమింది. ఆరు. మూడు. పెళ్ళయ్యాక పుట్టిన సీసా పెళ్ళి గోతిలోకి ఎలా వచ్చింది? ఎవరు...

వెనకాల మెట్టు కిర్రుమంది. లాంబర్ట్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"నేనే," అన్నాడు.

ఇమెల్డా అతని వైపు తిరిగింది.

"పెళ్ళికి మూడు రోజుల ముందు, మీ పొలంలో పొగాకు నాట్లయ్యాక. మండే ఎండ. కొట్టు పక్కన కొత్తమట్టి కనబడింది. ఒక్క గుక్కే అనుకున్నా. శనివారంలోగా ఇంకోటి తెచ్చి పెడదామనుకున్నా. శుక్రవారం పొద్దున్నే మీ అమ్మ అక్కడే బల్లలు వేయించేసింది. తర్వాత వాన. నువ్వు బావను ఆ మాట అన్నప్పుడు... నోరు పెగల్లేదు."

"మరి ఇదేమిటి?" ఇమెల్డా గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"అరవై నాలుగులో, ఈస్టరు ముందు తపస్సు కాలంలో బయటూరి ఫాదర్ వచ్చాడు చూడు, ఆయన దగ్గర పాపం ఒప్పుకున్నా. 'ఎక్కడ తీశావో అక్కడ పెట్టు నాయనా' అన్నాడు. పెట్టేశా."

"మట్టిలోనా?"

"తీసింది మట్టిలోంచే గదా!"

అతను హాస్యానికి అనడం లేదు. ఇన్నేళ్ళూ ఆ లెక్కతోనే నిద్రపోయాడని ఆ మొహమే చెబుతోంది. ఇమెల్డాకు పియనీ దుబ్బు గుర్తొచ్చింది. ఆ వసంతంలోనే దాన్ని అక్కడ తెచ్చి నాటాడు. నలభై ఏడు మే నెలలు ఆ పూలే కోసి మరియమ్మ పాదాల దగ్గర పెట్టింది తను.

ముందుగా నవ్వింది సిరిలే. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఏం బావా, సీసాతో పాటు నా పేరు కూడా అక్కడే పాతావా? దానికీ మైనం పూశావా?"

లాంబర్ట్ తలెత్తలేదు. "నన్ను కొట్టు బావా."

"డెబ్బై ఆరేళ్ళకు నిన్ను కొడితే నా చెయ్యి విరుగుతుంది. కూర్చో."

ఫాదర్ క్షమించాడు, దేవుడూ క్షమించే ఉంటాడు అనుకుంది ఇమెల్డా. కానీ అన్నను ఎవరడిగారు? మొగుడి మీద పొంగుతున్న కోపం అక్కడికొచ్చి ఆగిపోయింది. దొంగతనం అతనిది. పదిమందిలో ఆ మాట అన్న నోరు మాత్రం తనది. అతనితో తేల్చుకోవలసింది చాలా ఉంది, ఇంటికెళ్ళాక. ఇది ముందు.

లోపలికి వెళ్ళి కత్తీ, కాఫీ కప్పూ తెచ్చింది. మైనం గీసి, తుప్పు మూతతో కుస్తీ పట్టింది. లాంబర్ట్ చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోకు," అంది.

మూత వచ్చింది. ఎండబెట్టిన ఆపిల్ ముక్కల వాసన, పాత చెక్క వాసన.

"కెల్సీకి ఎవరు పాతుతున్నారు?" అన్నాడు సిరిల్.

"నువ్వే. వచ్చే ఆదివారం భోజనానికొచ్చి పాతు."

"పాతుతాను. ఈ నెల్లాళ్ళూ నీ మొగుణ్ణి కట్టేసి ఉంచు."

ఇమెల్డా నవ్వలేకపోయింది. సీసాను కప్పులోకి వంచింది. రెండు వేళ్ళ ఎత్తు.

"పాతినవాడిదే తొలి గుక్క," అంది.

సిరిల్ కప్పు రెండు చేతులా అందుకుని కళ్ళు మూసుకున్నాడు. తాగాడు.