చోటే సాహెబ్ మురబ్బా

కళాయి పూసిన ఇత్తడి గుండిగలో బెల్లం పాకం పొంగు మీదికి రాగానే చోటే సాహెబ్ పొయ్యిలోంచి కట్టెను వెనక్కి లాగాడు. దోరమామిడి ముక్కలు అద్దంలా తేరుకుంటున్నాయి. లవంగాలు, దాల్చినచెక్క, దంచిన శొంఠి వేశాడు. తెడ్డు తిప్పబోయేసరికి ఎడమ భుజంలో ఆ నొప్పి మళ్ళీ దిగింది.

నొప్పి కంటే భయమే ఎక్కువ. తండ్రి కూడా ఇలాగే, ఇదే పొయ్యి ముందు భుజం పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

నెహ్రూ పోయిన మరుసటి వేసవి అది. ఇందుకూరుపేట బజారులో చోటే సాహెబ్ టిఫిన్ అంగడికి బోర్డు లేదు. పొద్దున దోసె మీద, సాయంత్రం సగ్గుబియ్యం పాయసం మీద ఓ గరిటె మామిడి మురబ్బా వేయడమే దాని గుర్తు. మురబ్బాకు నెయ్యి తగలనివ్వడు, నిలవుండదంటాడు. బక్కపలచని మనిషి. సెగకు కనుబొమలు రాలిపోయాయి. ఊళ్ళో ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

భార్య జాన్‌బీ గుమ్మంలోంచి చూస్తోంది. నొప్పి సంగతి తెలిస్తే నెల్లూరు ఆసుపత్రికి పొమ్మంటుంది. డాక్టరు ఏం పేరు చెబుతాడో! పేరు పెట్టనంతకాలం అది వట్టి వాయువు.

నొప్పి ఈసారి దవడ దాకా పాకింది.

"జాన్‌బీ, ఇట్రా."

తెడ్డు ఆమె చేతికిచ్చాడు. పెళ్ళయిన నాటి నుంచి దాన్ని ముట్టనివ్వని మనిషి.

"ఏందయ్యా, ఇయ్యాల నాకిస్తుండావు? ఒంట్లో బాగలేదా?"

"వాయువులే. అడుగంటకుండా తిప్పు."

"ఇన్నాళ్ళూ నాకు చేతకాదనే గదా ముట్టనీలేదు?"

ఆయన పొయ్యిలో కట్టెను ఇంకాస్త వెనక్కి లాగాడు.

"చేతకాదని కాదు. ఈ సెగే మా నాయన్ని తినింది. నిన్ను కూడా తినేస్తాదని భయం."

జాన్‌బీ తెడ్డు పైకెత్తింది. పాకం బొట్టు వేళ్ళ మధ్య సాగదీసింది. తీగ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే గుండిగ దించింది. గుమ్మంలో నిలబడే అన్నీ నేర్చుకుందన్నమాట.

"రేప్పొద్దున ఆస్పత్రికి పోదాం. డాక్టరు చెప్పేది నేను వింటాలే. నువ్వు బయట కూసో."

"సరే" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆమెకు మరింత భయమేసింది.

సాయంత్రపు నమాజుకు బయలుదేరుతుంటే అడ్డం వచ్చింది. "ఇయ్యాల ఇంట్లోనే చదువుకోరాదా?"

"ఒక్కణ్ణే కూసుంటే భయం ఎక్కువైతుండాది" అని వెళ్ళాడు.

మసీదులో పక్కన పొరుగింటి హనీఫా నిలబడ్డాడు. మనిషి పక్కనుంటే ధైర్యంగానే ఉంది. వంగి నుదురు నేలకు ఆనించాడు. గచ్చు చల్లగా ఉంది. రేపు అనుకోగానే గుండె దడదడలాడింది. తర్వాత నెమ్మదించింది.

అందరూ లేచారు. ఆయన లేవలేదు.

"భాయ్" అని హనీఫా మెల్లగా భుజం తట్టాడు.

జాన్‌బీ ఎవరికో పాయసం మీద మురబ్బా వేస్తుండగా నలుగురు ఆయన్ని బల్ల మీద మోసుకొచ్చారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మసీదు మెట్టు మీద ఆయన చెప్పులు ఉండిపోయాయి. సముద్రపు గాలికి వాటిలో సన్నటి ఇసుక చేరుతోంది. బెల్లం వాసనకు చీమలు చెప్పుల పట్టీల చుట్టూ తిరుగుతున్నాయి.