పదకొండింటి ఫోను

మెట్ల కింద గదిలో నేనూ, ఒక సర్వరూ, దాని ఫ్యాను చప్పుడూ ఉంటాం. తలుపు మీద ‘లైసెన్సు విభాగం’ అని బోర్డుంది. విభాగమంటే నేనొక్కణ్ణే. పై అంతస్తుల్లో లిఫ్టులకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే ఇంజనీర్లు పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్ళు రాసిన ప్రోగ్రామును బోర్డులోకి ఎక్కించి పరీక్షించే సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ కొన్నవి పదమూడు లైసెన్సులు. ఒకటి అత్యవసరానికి నా దగ్గరుంటుంది. మిగతా పన్నెండూ వాడుకలో ఉన్నప్పుడు ఇంకొకరు తెరిస్తే, ‘లైసెన్సు అందుబాటులో లేదు’ అని ఎర్రక్షరాలు వస్తాయి. మెట్ల కింద ఒక మనిషి ఉన్నాడని పైవాళ్ళకు అప్పుడు గుర్తొస్తుంది.

బస్సులో సీటు మీద జేబురుమాలు వేసి టీకి పోయే రకం మా ఇంజనీర్లు. సాఫ్ట్‌వేర్ తెరిచిపెట్టి భోజనానికి పోతారు, మీటింగులకు పోతారు. ఒక మహానుభావుడైతే వారం రోజులు సెలవు మీదే పోయాడు. అందుకే ఒక నియమం పెట్టాను. రెండు గంటలపాటు కీబోర్డు ముట్టకుండా, పరీక్ష కూడా ఏదీ నడపకుండా ఉంటే సర్వరు ఆ లైసెన్సు లాగేసుకుని వేరేవాళ్ళకు ఇచ్చేస్తుంది.

“ఏం గురూ, మళ్ళీ పడుకుందా నీ డబ్బా?” అని ఫోన్ చేస్తారు. సరిచేశాక ‘సరే’ అనే మాటలో సగం నోట్లో ఉండగానే పెట్టేస్తారు. నాకు ఒళ్ళు మండేది. మండినా చెప్పుకోవడానికి ఎవరున్నారు? మా ఆవిడ వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. పోలేదు, వెళ్ళిపోయింది, నిక్షేపంలా ఉందట. మా అక్క ఆదివారాలు ఫోన్ చేసి “తిన్నావా?” అంటుంది. “తిన్నా” అంటాను. ఆ వారానికి మా ఇంట్లో మాటలు అయిపోతాయి.

బ్రేకు బోర్డు చేసే ఇంజనీరమ్మ ఒక్కతే వేరు. లిఫ్టు జారితే పట్టి ఆపే బోర్డు అది, రెండేళ్ళుగా ఆమే చేస్తోంది. నాలుగు నెలల కిందట నా నియమం సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి, సెట్టింగుల ఫైల్లో ఆమె పేరున ఒక వరుస రాశాను. రెండు గంటలకు బదులు పదిహేను నిమిషాలు. పరీక్ష నడుస్తుంటే లైసెన్సు జోలికి పోకూడదన్న ముక్క అందులో రాయలేదు. కాసేపటి ముచ్చటే కదా అనుకున్నాను. ఆమె పేరే ఎందుకంటే జాబితాలో మొదట ఉంది, అంతే. పని చూసుకుని ఆ వరుస తీసెయ్యడం మర్చిపోయాను.

మర్నాడు పదకొండింటికి ఫోను మోగింది. బోర్డుకు వైర్లు తగిలించడానికి పక్కగదికి వెళ్ళొచ్చేసరికి ఆమె లైసెన్సు పోయిందట.

“నమస్తే బాబాయ్, మీ టైము తింటున్నానేమో. ఎర్రక్షరాలు వచ్చాయి. ఏం చెయ్యమంటారు?”

బాబాయ్. నాకు అన్నలు లేరు, నన్ను ఆ పిలుపు పిలిచేవాళ్ళెవరూ పుట్టలేదు. నా దగ్గరున్న పదమూడోది ఆమెకిచ్చాను. ఒక్క క్షణం పని. పెట్టేసే ముందు ఆమె, “మీరు తిన్నారా బాబాయ్? గొంతు నీరసంగా ఉంది,” అంది.

ఆ సాయంత్రమే నా వరుస నా కంటపడింది. చెరిపేద్దామనే కూర్చున్నాను. రేపు చెరుపుదాం అనుకున్నాను. ఆ రేపు నాలుగు నెలలు సాగింది.

రోజూ పదకొండు, ఆమె వైర్లు తగిలించడానికి పక్కగదికి వెళ్ళొచ్చే వేళ. నేను పదింబావుకే టీ తాగేసి, బాత్రూముకి వెళ్ళొచ్చి, ఫోను పక్కన కూర్చునేవాణ్ణి. క్షణంలో అయ్యే పనిని పది నిమిషాలు సాగదీయడం నేర్చుకున్నాను. “నెట్‌వర్కు తీగ తీసి మళ్ళీ పెట్టమ్మా.” “కంప్యూటర్లో టైము, నీ చేతి గడియారంలో టైము ఒకటేనా చూడు.” “ఒకసారి ఆపి మళ్ళీ తెరువు.” యంత్రం లేచేలోపు అత్తగారి మోకాలి నొప్పి గురించి, లెక్కలంటే పారిపోయే కూతురి గురించి చెప్పేది. ఆ కూతురికి భిన్నాలు ఎలా చెప్పాలో ఒకరోజు నేనే చెప్పాను. మర్నాడు, “అర్థమైందట బాబాయ్!” అంది. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళాను, బస్సెక్కాలనిపించలేదు.

మొన్న గురువారం ఫోను పదకొండింటికి కాదు, మధ్యాహ్నం రెండింటికి మోగింది.

“బాబాయ్, మళ్ళీ ఆగిపోయింది.” ఏడుస్తోంది. “ఐదు గంటల బ్రేకు పరీక్ష. పొద్దున్నించి కుర్చీ దిగలేదు. పెద్దసారు పిలిచారని ఇరవై నిమిషాలు వెళ్ళా. వచ్చేసరికి లైసెన్సు పోయి పరీక్ష ఆగిపోయింది. ఇది మూడోసారి. అందరివీ నడుస్తున్నాయి, నీదే ఎందుకాగుతోంది, నీకు యంత్రం చూసుకోవడం రాదంటున్నారు. నాలుగింటికి మీటింగు. బోర్డు నా దగ్గర్నించి తీసేసి వేరేవాళ్ళకిస్తారట.”

సెట్టింగుల ఫైలు తెరిచాను, నా వరుస అక్కడే ఉంది.

“మీరే సాక్ష్యం బాబాయ్. రోజూ మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాగా. నా తప్పు కాదని ఒక కాగితం రాసివ్వరూ?”

“రాస్తా తల్లీ,” అన్నాను.

రాశాను కూడా. ‘నెట్‌వర్కు లోపం వల్ల’ అని. నెట్‌వర్కు మీద ఏ నింద వేసినా తిరిగి నోరెత్తదు. వరుస చెరిపేస్తే చాలు, ఎవరికీ తెలియదు. కానీ నెట్‌వర్కు వాళ్ళు ఊరుకోరు, గంటలో వచ్చి తమ తీగలన్నీ భేషుగ్గా ఉన్నాయని తేలుస్తారు. తిరిగి ఆమె నెత్తినే పడుతుంది. భయమూ సిగ్గూ రెండూ వేసిన మాట నిజం. కాగితం చింపేశాను. సర్వరు తన పనులన్నీ నమోదు చేసుకునే లాగ్‌లో ఆమె లైసెన్సు ఎన్నిసార్లు, ఎందుకు పోయిందో ఉన్న పేజీలూ, సెట్టింగుల ఫైలూ అచ్చు తీసుకుని మెట్లెక్కాను.

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఎడమచేతికి గడియారం, ముందు విప్పి ఉన్న బోర్డు, ఏడ్చి కడుక్కున్న మొహం. ఆమె కంప్యూటరు అంచుకు పసుపు కాగితం ఒకటి అంటించి ఉంది. గుండ్రటి అక్షరాలు: తీగ తీసి పెట్టాలి. గడియారం చూడాలి. ఆపి తెరవాలి. అప్పటికీ రాకపోతే బాబాయ్.

ప్రతిరోజూ నాకు ఫోన్ చేసేముందు అవన్నీ చేసేదన్నమాట. నేను పొద్దుపోక అల్లిన కబుర్లను వరసగా, శ్రద్ధగా, తప్పకుండా.

“వచ్చారా బాబాయ్! కాగితం తెచ్చారా?” అని లేచి నిలబడింది.

పేజీలు ఆమె చేతికిచ్చాను. “ఈ వరుస నేను రాసిందే. నీ ఒక్కదాని పేరునే. నాలుగు నెలలైంది. మర్చిపోయి కాదు. మొదటి రోజు మర్చిపోయాను, ఆ తర్వాత కావాలనే ఉంచాను.”

ఇంజనీరు కదా, చదవగానే అర్థమైంది. పేజీ తిప్పి తేదీలు చూసింది. మూడు పరీక్షల తేదీల మీదా వేలు ఆగింది.

“ఎందుకు?”

“నువ్వు ఫోన్ చేస్తావని.”

పేజీలు మడిచి బోర్డు పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

“ఊరికే చెయ్యమంటే చేసేదాన్ని కదండీ,” అంది.

అండీ అంది. నా చెవులకు అది ఒక్కటే వినబడింది.

నాలుగింటికి పెద్దసారు ముందు అంతా మళ్ళీ చెప్పాను. బోర్డు ఆమె దగ్గరే ఉండిపోయింది. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. ఉద్యోగం తీసెయ్యలేదు, ఈ డబ్బా సంగతి ఇంకెవరికీ తెలియదు కనుక. సెట్టింగుల ఫైలు మార్చాలంటే ఇప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలి. ఆమె పేరున ఉన్న వరుస ఆ ఇంకొకరి ముందే చెరిపాను.

ఇవాళ సోమవారం. ఆమె తొమ్మిదీ రెండుకి లైసెన్సు తీసుకున్నట్టు లాగ్‌లో పడింది. పరీక్ష మొదలైంది. పదిన్నరకు నడుస్తోంది, పదీ యాభైకి నడుస్తోంది. మనిషి కుర్చీలో ఉందో లేదో సర్వరుకిక అక్కర్లేదు. నేను టీ తాగేసి వచ్చి కూర్చున్నాను.

పదకొండయింది. పదకొండుంబావు అయింది. ఫోను తీగ తీసి మళ్ళీ పెట్టాను. గోడ గడియారం, నా చేతి గడియారం ఒకటే టైము చూపిస్తున్నాయి. రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. టోను వస్తోంది. ఫోను బాగానే ఉంది.