సెల్ఫు లేని లారీ

లాల్‌సాహెబ్ లారీకి సెల్ఫు పనిచేయదు. ఒకసారి ఇంజను ఆగిందంటే పదిమంది తోస్తే తప్ప కదలదు. అందుకే తిరువూరులో వెంకటప్పయ్య ఇంటి ముందు ఎప్పుడు నిలిపినా ఇంజను మాత్రం ఆపడు. అతని బతుకూ అంతే. ఏ ఊళ్లో దొరికితే అక్కడ తినడం, నిద్రొస్తే క్యాబిన్లో ముడుచుకోవడం.

వెంకటప్పయ్య గడియారాన్ని మింగి పుట్టినవాడు. కోడి కూసేసరికి స్నానం. ఇస్త్రీ పంచె మీద మరక పడితే ఆ రోజంతా ముభావం. విస్సన్నపేట దాటాలన్నా ముహూర్తం చూసుకుంటాడు. అలాంటి మనిషి డీజిలు కంపు కొట్టే ఈ దేశదిమ్మరిని ఎలా ప్రేమించాడో దేవుడికే తెలియాలి! కాయ ఎక్కించే సాకుతో ఇద్దరూ మూడేళ్లుగా రెడ్డిగూడెం మామిడితోటలో కలుసుకుంటున్నారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఆ వేసవిలో ఒక సాయంత్రం, లోడుతో వచ్చిన లాల్‌సాహెబ్‌కు వసారాలో పెనుగొలను నుంచి వచ్చిన ఆడపిల్లవారు కనిపించారు. వెంకటప్పయ్య గనక తలూపితే జన్మలో ఈ ఊరి దారి తొక్కకూడదనుకున్నాడు. గేరు మీంచి చెయ్యి తీయకుండా కూర్చున్నాడు.

"మీ తమ్ముడు ఊ అంటే రేపే తాంబూలాలమ్మా" అన్నాడు వాళ్ల పెద్దాయన, వెంకటప్పయ్యను పెంచిన అక్క నాగేశ్వరమ్మతో.

వెంకటప్పయ్య లేచాడు. "క్షమించండి. మీ పిల్లకి అన్యాయం చెయ్యలేను. నా మనసు ఆ లారీలో ఉన్న మనిషి మీదుంది. బతికితే అతనితోనే బతుకుతాను" అన్నాడు, వీధిలోకి వినపడేలా.

పెద్దాయన కండువా దులుపుకుని తనవాళ్లతో వెళ్లిపోయాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. నాగేశ్వరమ్మ చరచరా లారీ దగ్గరికి వచ్చింది.

"మూడేళ్లుగా నీ హారను వినపడితే గానీ వాడి మొహాన నవ్వు లేదు. నాకు కళ్లు లేవనుకున్నారా ఇద్దరూ? ఇంజను ఆపి, కాళ్లు కడుక్కుని లోపలికి రా. అన్నం చల్లారిపోతోంది."

"ఆపితే మళ్లీ కదలదండి."

"కదలకపోతే ఏం?"

లాల్‌సాహెబ్ ఇంజను ఆపేశాడు. ఆ వీధిలో ఆపడం అదే మొదలు. కళ్లు తుడుచుకుని దిగాడు.

మర్నాడు పొద్దున్నే, అందరూ చూస్తుండగా, వెంకటప్పయ్య ఇస్త్రీ పంచె ఎగ్గట్టి లారీ వెనక భుజం ఆనించాడు. కాసేపు నవ్వుతూ చూసిన ఎదురింటి జోజప్ప, ఇక ఉండలేక తనూ వచ్చి చెయ్యి వేశాడు. ఒకరి వెనక ఒకరు పదిమంది అయ్యారు. వీధి పల్లంగా ఉండబట్టి లారీ కదిలింది, ఇంజను అందుకుంది. వెంకటప్పయ్య మరకల పంచెతోనే పరిగెత్తుకొచ్చి క్యాబిన్ ఎక్కాడు.

"బెజవాడ దాకా ప్రయాణం. ముహూర్తం చూసుకున్నావా?" అన్నాడు లాల్‌సాహెబ్.

"ముందు హారను కొట్టవయ్యా!"

బస్టాండు దాటేదాకా లాల్‌సాహెబ్ హారను మీంచి చెయ్యి తీయలేదు.