ఒంటిని బట్టి మెట్లు

పొద్దున మిషన్లు మొదలయ్యే వేళకి ఆ భవనం మెట్ల మీద అందరూ ఒకేసారి పడతారు. పై అంతస్తులో కోట్లు కుట్టే కార్ఖానా. ఎక్కేవాళ్ళ ఒంట్లో సత్తువని బట్టి ఆ మెట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. జ్వరం తగిలిన లెక్కలాయన మంచినీళ్ళ సీసా వెంట తెచ్చుకుంటాడు. కాజాలు కుట్టే అమ్మాయి రెండంగల్లో పైనుంటుంది. ఎవరైనా ఆలస్యంగా వస్తే యజమాని "మెట్లెక్కువయ్యాయా?" అని అడిగి ఊరుకుంటాడు.

బట్ట కత్తిరించే కత్తెరక్క చేత మాత్రం ఆ మెట్లు మూడు చెరువుల నీళ్ళు తాగించేవి. మొదట్లో నెలసరి వారంలోనే పెరిగేవి. ఈ ఏడు మిగతా రోజుల్లోనూ తగ్గడం మానేశాయి. నల్లబట్టలు తప్ప వేసుకోదు. పెట్టుకున్న గుడ్డ గంటకే తడిసిపోతుంది, రక్తం గడ్డలు గడ్డలుగా పడుతుంది. కాలు కాలిన పిల్లిలా బల్లకీ బాత్రూముకీ తిరగడమే. తల్లితో చెప్పుకుంటే, మన ఇంటి ఆడవాళ్ళ ఒళ్ళే అంత, ఓర్చుకోమంది.

తప్పంతా మెట్లదే అనుకుంది పిచ్చిది. పని మానేసి ఇంట్లోనే మిషను పెట్టుకుంటానని ఒకరోజు యజమానికి చెప్పేద్దామని బయల్దేరింది. ఆ కత్తెరని వదలాలంటే ఏడుపొచ్చింది కూడా. సామాన్లు మోయడానికి కూతుర్ని తెచ్చుకుంది. ఆ పిల్లకి నెలసరి మొదలై ఏడాది కాలేదు.

సగం దూరం ఎక్కి వెనక్కి చూస్తే పిల్ల కింద చతికిలబడి ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఇంకా ఎన్నున్నాయే అమ్మా?"

ఓర్చుకో అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. పైకి చూస్తే మెట్లకి అంతు లేదు. దగ్గర్లో ఉన్నది మొదటి అంతస్తు లేడీ డాక్టరు తలుపొక్కటే. ఏళ్ళ తరబడి దాని ముందు నుంచే పైకి పోయింది. కూతుర్ని లేవదీసుకుని ఆ తలుపు తోసింది.

డాక్టరమ్మ ముందుగా, మెట్లు ఎన్నాళ్ళుగా పెరుగుతున్నాయని అడిగింది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా అని కూడా అడిగింది.

"అందరికీ ఇంతేగా డాక్టరుగారూ," అంది కత్తెరక్క.

"ఎవరందరికీ?"

"మా ఇంట్లో అందరికీ."

"ఇంట్లో అందరికీ ఉన్నంత మాత్రాన అది మామూలైపోదమ్మా."

పరీక్షలు చేయించారు. కొందరికి గర్భసంచిలో గడ్డల వల్ల, కొందరికి హార్మోన్ల తేడా వల్ల ఇలా అవుతుందట. వీళ్ళకి మాత్రం రక్తం తొందరగా గడ్డకట్టదు, అది వంశంలో వస్తోంది. ఆ రోజుల్లో వేసుకోవడానికి మాత్రలిచ్చింది, పోయిన రక్తం పట్టడానికి ఐరన్ ఇచ్చింది. వాటితో ఆగకపోతే వేరే మందులున్నాయంది.

ఇంటికొచ్చి చెబితే తల్లి మడతపెడుతున్న దుప్పటి అలాగే వదిలేసింది.

"దీనికి మందుందా?"

"ఉందమ్మా."



"మా అక్క రెండో కాన్పులో రక్తం ఆగక చనిపోయింది. అప్పుడూ మన ఒళ్ళే అంత అనుకున్నాం," అంది ముసలావిడ. "దాని మనవరాలికి ఇప్పుడు ఏడో నెల. ముందు ఆ పిల్లకి ఫోన్ కలుపు."